చొక్కా ఎత్తి చూసే మామ్మ

ఎదురింటి మామ్మ పోయిందని మొన్న పొద్దున నౌపడ నుంచి ఆవిడ కోడలు ఫోను చేసింది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చనిపోయిన మనిషి మీద కోపమేమిటని మీరు అనుకోవచ్చు. ఆవిడతో ఒక్క పూట వేగి ఉంటే అలా అనరు. చాన్నాళ్లుగా దగ్గుతోంది, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. మేము గరివిడి వచ్చేశాక కూడా ఫోను చేసినప్పుడల్లా డాక్టరుకు చూపించుకోమని పోరుతూనే ఉన్నాను. "ముసిల్దాని దగ్గుకి డాక్టరు ఏటే? నీ గుంటడెలగున్నాడో అది సెప్పు ముందు," అనేది. వీధిలో ఏ పిల్లాడు దగ్గినా కొంప మునిగినట్టు కేకలేసే మనిషికి తన దగ్గు మాత్రం వినపడలేదు.

మావారి ఉద్యోగం నౌపడలో ఉన్నన్నాళ్లూ మాది ఆవిడ ఎదురిల్లే. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు వరి పండించే రైతులు, మేము చర్చికెళ్లేవాళ్లం. అయినా ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్లు పోసే హక్కు తనదేననుకునేది. ఒకరు పిలిచేదాకా ఆగేది కాదు. చీర ఎగదోపి, పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకునేది. నూనె పట్టించి, వేన్నీళ్లు పోసి, ముక్కులో ఊది, ఆముదం చుక్కలు వేసేది. ఆ పైన నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగలో బిడ్డను అటూ ఇటూ ఊపేది. బిడ్డ ఉక్కిరిబిక్కిరై గుక్కపెడితే, "ఏడిస్తే కఫం తెగుతాది, మంచిదే," అనేది. ఆవిడ సూక్తులన్నీ ఇలాంటివే.

మా వాడికి చలికాలం వస్తే చాలు పిల్లికూతలు. ఊపిరి వదిలితే సన్నగా ఈల వినిపించేది. టెక్కలిలో పిల్లల డాక్టరు చూసి, పొగ వద్దు, ముక్కులో నూనె అసలే వద్దు, మాస్కు పెట్టి ఇన్‌హేలర్ పంపు కొట్టండి, తగ్గింది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి అన్నారు. ఆ మాట తెచ్చి మామ్మకు చెప్పడం నేను కోరి తెచ్చుకున్న తలనొప్పి.

"నా కాళ్ల మీద పెరిగినోళ్లకి పిల్లలు పుట్టీసినారు. ఒక్కడికైనా పొగ పడనేదని సెప్పు. పంపు అలవాటైపోతాది సూడు, రేపు పెళ్లిపీటల మీద కూడా అదే పట్టుకుని కూకుంటాడు."

నేను కొట్టుకెళ్లి వచ్చేసరికి ఇల్లంతా పొగ. అదేమిటంటే దిష్టికట. మాకు దిష్టి నమ్మకం లేదు మామ్మా అంటే, "నీకు నేకపోతే నేదు, గుంటడికి తగలదేటి?" అనేది. ఇక తలుపులన్నీ తెరిచి విసనకర్రతో పొగ తోలుకుంటూ నేను, అరుగు మీద మూతి తిప్పుకుంటూ ఆవిడ.

విసిగిపోయి ఒకసారి మామ్మను నాతోపాటు టెక్కలి తీసుకెళ్లాను, డాక్టరు చేత నాలుగు చివాట్లు పెట్టిద్దామని. ఆయన ఒక్క మాటా అనలేదు. మా వాడి చొక్కా పైకెత్తి, "మామ్మగారూ, ఇలా రండి. ముక్కు కారుతూ, దగ్గుతూ ఆడుకుంటున్నాడంటే మామూలు జలుబు, దానికి కంగారు అక్కర్లేదు. ఊపిరి గబగబా తీస్తున్నా, తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా ఇంట్లో ఉంచకూడదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి చూడండి," అన్నారు.

డాక్టరే తనకో పని అప్పగించాడనేమో, మామ్మ పొగ మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని నాకేం తెలుసు. మర్నాటి నుంచి వీధిలో కనిపించిన పిల్లాడినల్లా పట్టుకుని చొక్కా ఎత్తడమే పని. బడికెళ్లే పిల్లలు ఆవిడను చూస్తే సందులోంచి పారిపోయేవారు. ఆ లెక్క కూడా కళ్లంలో ధాన్యం కొలిచినట్టు "లాభం, రెండు, మూడు" అంటూ మొదలు. ఒకటి అనకూడదట. అదైనా భరించవచ్చు. గాలి లోపలికెళితే ఒకటి, బయటికొస్తే ఇంకొకటి లెక్కేసేది. దాంతో వీధిలో ఏ బిడ్డను చూసినా లెక్క రెట్టింపై కొండెక్కి కూర్చునేది. తల్లులు లబోదిబోమంటూ ఆటోలెక్కేవారు. పొట్ట లేచి దిగితే కలిపి ఒకటేనని డాక్టరు కబురు పంపితే ఆయన మీదే ఎగిరింది. "కుంచమెంతో సెప్పకుండా కొలమంటే ఎలగ కొలుస్తాం?"

ఆ మరుసటి చలికాలం మా వాడికి జ్వరం, దగ్గు. పంపు కొట్టి, సర్దుకుంటుందిలే అని ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. మామ్మ వచ్చింది, చొక్కా ఎత్తింది, లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. కేకలేయలేదు. అది చూసే నాకు భయమేసింది.

"ఒసే, పొయ్యార్పీసి రా. ఎల్దాం."

ఆటోలో టెక్కలిదాకా, మళ్లీ లెక్క తప్పిందేమోనని నేను సణుగుతూనే ఉన్నాను. అక్కడ దించగానే వాడికి ఆక్సిజన్ పెట్టారు. న్యుమోనియా అన్నారు, ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నారు. నేను మామ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. "ఏడుపు తర్వాత. ముందు ఆ నర్సమ్మకి సెప్పు, గుంటడి మీద ఫ్యానెయ్యొద్దని," అంది. నేను చెప్పేలోపే తనే వెళ్లి ఆ అమ్మాయితో గొడవ పెట్టుకుంది. నా కొడుకు ఇవాళ బడికి వెళ్తున్నాడంటే ఆవిడ వల్లే. అలాగని ఆవిడ నన్ను విసిగించలేదని చెప్పలేను.

ఆఖరి చూపుకు వెళ్లినప్పుడు కోడలు చెప్పింది. పోవడానికి ముందురోజు ఆయాసం ఎక్కువై, కొడుకు బతిమాలి బతిమాలి ఆటో ఎక్కించాడట. వీధి చివర, ఉప్పుమళ్లలో పనిచేసే అమ్మాయి ఒకతె చంటిబిడ్డను భుజాన వేసుకుని బండి కోసం చూస్తోందట. మామ్మ ఆటో ఆపించి, ఆ బిడ్డ డొక్కలు చూసి, తను దిగిపోయి వాళ్లను ఎక్కించింది. కొడుకును తోడు వెళ్లమంది. అందరికీ చోటుందమ్మా, నువ్వూ రా అని అతను మొత్తుకున్నాడు.

"దగ్గుతన్నదాన్ని, పసిగుంట పక్కన ఎలగ కూకుంటాన్రా? నన్ను రేపు తీసికెల్దువుగాని. బేగి పో."

ఇంకో ఆటో పిలుస్తానని కోడలు ఎంత చెప్పినా వినలేదట. తెల్లారేసరికి మామ్మ లేదు. బిడ్డ కోలుకుంటోంది.

ఇంకో ఆటో ఎక్కితే ఏం పోయేది? ఇప్పటికీ నాకు మండుతూనే ఉంది. కళ్లు మూసుకుంటే మాత్రం ఆ వీధి చివర మామ్మే కనిపిస్తోంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, బిడ్డకు దూరంగా జరిగి నిలబడి, ఎగశ్వాసలోనే చెయ్యి విసురుతూ ఆటోను తొందరపెడుతోంది.