నులక మంచం మీద నుంచి లేవడం

ఎనభైల్లో ఒక వానాకాలం చివర మా మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మామిడి పూతకొచ్చేనాటికి కర్ర పట్టుకుని వాకిట్లో తిరగగలిగారు. మా నూజివీడు వైపు చాలామంది రైతులు పిందె మీదే కాపును వ్యాపారికి అమ్మేసేవారు. ఆయన మాత్రం ఏనాడూ అమ్మలేదు. పిందె కట్టింది మొదలు కాయ కోసేదాకా తోటలో పాక వేసుకుని అక్కడే ఉండేవారు. ఆ ఏడూ వెళ్ళి తీరతానన్నారు. అత్తయ్యగారు వద్దంటే వద్దన్నారు. మైలవరం వ్యాపారి అప్పటికే వచ్చి చెట్లు చూసి వెళ్ళాడు. మావయ్యగారు తోటలో ఒక్కరే ఉండగలరో లేదో తేల్చే పని అల్లుణ్ణి కనక నా మీద పడింది.

నాకు ఆ పని ఇష్టంగానే ఉంది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగినా, మా ఊరి గ్రంథాలయంలో నేను తెరిపించని బీరువా లేదు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళను ఇంట్లో చూసుకునే పద్ధతులు చెప్పే ఇంగ్లీషు పుస్తకం అక్కడే దొరికింది. తినడం, స్నానం, బట్ట కట్టుకోవడం, మంచం మీద నుంచి లేవడం లాంటి రోజువారీ పనుల్లో రోగి ఏది సొంతంగా చేసుకుంటున్నాడో, ఎక్కడ సాయం కావాలో చూడమంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. బాపులపాడు దగ్గర మా అత్తవారి ఊళ్ళో బస్సు దిగేసరికి నన్ను నేను సగం డాక్టర్ననుకున్నాను.

మావయ్యగారు గోడవైపు తిరిగి, లుంగీ కొసను పళ్ళతో పట్టుకుని, ఎడంచేత్తో ముడి వేసుకున్నారు. నీళ్ళు తనే పోసుకున్నారు. కుడిచేత్తోనే పెరుగన్నం తింటూ సగంలో ఆపి, "ఇక చాలండీ" అన్నారు.

"ఇంకేం పరీక్షలున్నాయి అల్లుడుగారూ, మీ పుస్తకంలో?"

"అన్నీ పాసయ్యారు మావయ్యగారూ."

తలుపు చాటు నుంచి అత్తయ్యగారు నవ్వారు. "ఎందుకు పాసవరు బాబూ, మీరు చూస్తుంటే! రేపు మీరు బస్సెక్కాక చెంబు కూడా నేనే ఎత్తాలి. ఆ మిగిలిన అన్నం ముద్దలు చేసి పెడితే ఇప్పుడే తింటారు."

"నువ్వు చెయ్యనిస్తేగా! చెంబు మీద నా చెయ్యి పడకముందే లాక్కుంటావు."

ఇద్దరూ చెప్పేది నిజమేనని తోచింది. అల్లుడి ముందు తేలికపడకూడదని ఆయన ఒంట్లో ఉన్న బలమంతా ఆ పూటే ఖర్చుపెట్టేశారు. ఆవిడ దగ్గర ఆ పట్టింపు లేదు, ఆవిడకు చూస్తూ ఊరుకునే ఓపికా లేదు. చెయ్యగలిగింది వేరు, రోజూ చేస్తున్నది వేరు అని పుస్తకంలో ఉంది. చూసే మనిషిని బట్టి కూడా జవాబు మారుతుందని మాత్రం అందులో లేదు.

అయినా ఆయన ఉండబోయేది ఇంట్లో కాదు కదా అని మర్నాడు బండి కట్టించి తోటకు తీసుకెళ్ళాను. పిందెలు గోళీకాయలంత ఉన్నాయి. పాకలో నులక మంచం మీద కూర్చుని, అలాగే వెనక్కి వాలారు.

"గాలి హాయిగా ఉంది. మీరు అలా చెట్లు చూసి రండి."

చివరిదాకా తిరిగొచ్చాను. అలాగే ఉన్నారు.

"భోజనాల వేళైంది, వెళ్దామా?"

"ఏం తొందర? బావి వైపు చూశారా?"

అదీ చూసి వచ్చాను. కర్ర కింద పడి ఉంది. నులక వదులైన ఆ కుక్కి మంచంలో నడుము కూరుకుపోయింది. లుంగీ ముడి ఊడింది. ఇంట్లో ఎత్తుగా ఉండే చెక్క మంచం మీద నుంచి సులువుగా లేచే మనిషి, నేను అటు వెళ్ళినప్పుడల్లా ఇక్కడ లేవడానికి పెనుగులాడారన్నమాట. పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి, చెట్ల వైపు చూస్తూనే, "చెయ్యి ఇవ్వండి" అన్నారు.

లేపాను. నులక బిగించి, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. ఆ ఉపాయం పుస్తకంలోదే. ఆయన కూర్చుని లేచారు. నమ్మకం కుదరక మళ్ళీ కూర్చుని లేచారు. కానీ లుంగీ ముడి ఎంతకీ బిగియలేదు. ఈసారి నన్ను పిలవడానికి అంతసేపు పట్టలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. లేవగలరు, నడవగలరు. బట్టకీ, అన్నానికీ తోడు కావాలి. ఒక్కరే ఉండలేరు. మావయ్యగారు తల వంచుకుని కూర్చున్నారు. ఇక వ్యాపారికి కబురు వెళ్తుందనుకున్నాను.

"అయితే నేనూ వస్తా తోటకి" అన్నారావిడ.

మావయ్యగారు తలెత్తారు. "నువ్వా? పాకలోనా?"

"ఏం, పాక మీ ఒక్కరిదేనా?"

"ఇన్నేళ్ళూ నేను తోటకు పోయింది దేనికనుకున్నావు? నీ సణుగుడు వినపడకుండా నాలుగు రోజులు ఉందామనేగా!"

"తెలుసు లెండి. ఆ నాలుగు రోజులే నాకూ ఇల్లు చల్లగా ఉండేది."

ఆయన నవ్వారు. నవ్వు మూతికి ఒక పక్కనే వచ్చింది. మర్నాటి బండిలో బియ్యం, చింతపండు, పచ్చడి జాడీతో పాటు ఆవిడ రోలు కూడా ఎక్కింది.