తలుపు తియ్యమన్న పిల్ల: బీదర్‌లో ఒక దయ్యాల సినిమా, ఒక సమాధుల పండుగ

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు హాలోవీన్ కోసం గుమ్మడికాయకు కళ్ళు, పళ్ళు చెక్కుతున్న సాయంత్రం బీదర్ నుంచి సునంద ఫోన్ చేసింది. సునంద, నేను పెళ్ళిళ్ళకు ముందు అమీర్‌పేటలో ఒకే హాస్టల్ గదిలో ఉండేవాళ్ళం. అక్టోబరు వచ్చిందంటే మాకు దయ్యాల సినిమాల నెల. గదిలో లైటు తీసేసి, ఒకే దుప్పటి ఇద్దరం కప్పుకొని, అరవకూడదని ఒట్టు పెట్టుకొని మరీ అరిచేవాళ్ళం. ఆమె పెళ్ళయి బీదర్ వెళ్ళిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆమె అక్కడ, నేనిక్కడ, ఒకే సమయానికి ఒకే సినిమా పెట్టుకొని, భయపడ్డ చోటల్లా మెసేజ్‌లు పంపుకునేవాళ్ళం. కిందటేడు ఆగస్టులో ఆమె భర్త ప్రభాకర్ గుండెపోటుతో పోయాడు. ఆ అక్టోబరులో ఇద్దరిలో ఎవరం సినిమా ఊసెత్తలేదు.

"కీర్తి దయ్యం సినిమా చూస్తనని పట్టుబట్టింది వాణీ," అంది సునంద. కీర్తి ఆమె కూతురు, తొమ్మిదేళ్ళది. "ఎందుకు బిడ్డా అంటే చెప్పది. మా అత్తమ్మ అసలే వద్దంటుంది. నాకు ఒక్కదానికి ధైర్యం సాల్తలేదు. నువ్వు రా. ఎట్లాగూ ఎల్లుండి సమాధుల పండుగ ఉంది, రెండు దినాలుండి పో." ఏటా నవంబరు రెండున క్రైస్తవులు తమలో పోయినవాళ్ళ సమాధులు కడిగి, దీపాలు పెట్టే రోజది. ఆమె గొంతులో ఇంకేదో ఉంది. అడిగితే చెప్పింది. "అది నిరుడు సమాధుల తోట లోపలికి రాలే. గేటు కాడనే నిలబడ్డది. ఇప్పుడేమో దయ్యాల సినిమా అంటుంది. దాని మనసుల ఏముందో నాకు తెలుస్తలేదు."

మర్నాడు పొద్దున్నే మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌కు వెళ్ళాను. బీదర్‌కు నేరుగా వెళ్ళే బస్సులు అరగంటకొకటి ఉంటాయి కానీ ఆ రోజు శనివారం కలిసొచ్చి వచ్చిన రెండూ నిండిపోయాయి. హుమ్నాబాద్ వైపు వెళ్ళే బస్సెక్కి మన్నాఏఖేళ్ళిలో దిగమని కండక్టర్ సలహా ఇచ్చాడు. టికెట్టు మూడు వందల లోపే. దారి తప్పిందనుకున్నాను గానీ, నిజానికి మంచి దారే దొరికింది. జహీరాబాద్ దాటాక గాలి మారిపోతుంది. వానలు వెనక్కి పోయిన నేల, మధ్యమధ్య రాగి రంగులో బయటపడ్డ ఎర్రమట్టి, పచ్చగా పూతకొచ్చిన కంది చేలు. రోడ్డు పక్కన బుట్టల్లో సీతాఫలాలు. అద్దానికి తల ఆనించి చూస్తుంటే అన్నీ నీళ్ళలో కదిలినట్టు మెల్లగా కదిలాయి. నిద్రపోయానో, మేలుకునే ఉన్నానో చెప్పలేను.

మన్నాఏఖేళ్ళిలో దిగేసరికి పదకొండు దాటింది. నవంబరు ఒకటి, కన్నడ రాజ్యోత్సవం, కర్ణాటక అవతరణ దినం. బజారంతా పసుపూ ఎరుపూ జెండాలు, ఆటోలకు కూడా. బీదర్ వెళ్ళే జీపులో ఒక సీటు మిగిలింది. డ్రైవరు నా బ్యాగు అందుకుంటూ "బీదర్ల ఎవలింటికి అక్కా?" అన్నాడు. చెప్పాను. సమాధుల పండుగకు వచ్చానని కూడా చెప్పాను. "అచ్ఛా. మాదాంట్ల గూడ షబే బరాత్‌కు ఖబ్రస్తాన్ పోతం, దీపాలు పెడ్తం. పెద్దోళ్ళు ఎదురుచూస్తుంటరట అక్కా, ఎవలొచ్చిన్రు, ఎవలు రాలే అని," అన్నాడు, గేరు మార్చుతూ, పక్క వీధిలోని చుట్టాల గురించి చెప్పినట్టుగా. యాభై రూపాయలు తీసుకొని బీదర్‌లో సునంద వాళ్ళుండే మంగళ్‌పేట మలుపులో దింపాడు.

సునంద అత్తగారు సుశీలమ్మ గడపలోనే కూర్చొని పుండికూర, అదే మన గోంగూర, ఆకు గిల్లుతోంది. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబం వాళ్ళది. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసుల్లో కన్నడం. నన్ను చూడగానే ఆమె మొదటి మాట: "వచ్చినవా బిడ్డా? దయ్యాల సీడీలు గిట్ల తెచ్చినవా?" ఇప్పుడు సీడీలు లేవమ్మా అన్నాను. "ఏదైతేంది. పసిపిల్లకు చూపేటియి కావు. నేనైతే ఆడ కూసోను," అంది. ఆ కోపంతోనే వేడివేడి జొన్నరొట్టె, పుండికూర, పల్లికారం పెట్టింది. మూడో రొట్టె వద్దంటే వినలేదు.

కీర్తి తినేటప్పుడు నా పక్కనే కూర్చుంది. సన్నగా, వాళ్ళ నాన్నలాగే కొంచెం ముందుకు వంగి కూర్చునే పిల్ల. "పిన్నీ, నువ్వు తెచ్చిన సినిమాల సచ్చిపోయినోళ్ళు తిరిగొస్తరా?" అని అడిగింది. వస్తారన్నాను. తలూపి, రొట్టె తుంచుకుంది. 

మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక సునంద, కీర్తి, నేను అష్టూరు వెళ్ళాం. బహమనీ సుల్తానుల సమాధులున్న చోటు, ఊరికి తూర్పున కొద్ది దూరమే. ఆటో అతను రానూపోనూ మూడు వందలకు ఒప్పుకున్నాడు. మీరు బీదర్ వస్తే కోట ఎలాగూ చూస్తారు. కానీ అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక్క సాయంత్రం మాత్రం అష్టూరుకు ఉంచుకోండి. పొలాల మధ్య వరుసగా నిలబడ్డ గుమ్మటాలు. వాటి చుట్టూ మోకాలెత్తు గడ్డి, అప్పుడే బంగారు రంగుకు తిరుగుతోంది. ఒక గుమ్మటం సగానికి చీలి, లోపలి గుండ్రదనం ఆకాశానికి తెరుచుకొని ఉంది. పిడుగు పడి చీలిందంటారు. ఆ చీలికలో రామచిలకలు కాపురముంటున్నాయి. పెద్ద సమాధి లోపల గోడల మీద రంగులు ఇంకా ఉన్నాయి, ఎరుపు, బంగారం, చీకట్లో కళ్ళు అలవాటుపడ్డాక ఒక్కొక్కటే పైకి తేలతాయి. నేను అక్కడ నిలబడి ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. బయటికొస్తే కీర్తి మెట్ల మీదే కూర్చొని ఉంది. లోపలికి రమ్మంటే "నేను ఈడనే ఉంట," అంది. సునంద నా వైపు చూసింది. 

ప్రభాకర్‌కు ఒక చిన్న ప్రొజెక్టరు ఉండేది. క్రిస్మస్‌కు ముందు సంతపూర్ వంటి ఊళ్ళకు దాన్ని బండి మీద కట్టుకుపోయి, చర్చి గోడ మీద బైబిలు కథల సినిమాలు వేసేవాడట. ఆయన పోయాక దాన్ని ఎవరూ తియ్యలేదు. ఆ సాయంత్రం సునంద అల్మారా పైనుంచి దాన్ని దించి, పైట చెంగుతో దుమ్ము తుడిచింది. వెలుగుతుందో లేదో అనుకున్నాం. వెలిగింది. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి, ఏడింటికి సినిమా మొదలుపెట్టాం. రక్తపాతం లేని పాత నలుపు తెలుపు సినిమా ఎంచుకున్నాను. చనిపోయిన ఒక ఇంటి పెద్ద ప్రతి అమావాస్యకూ తన ఇంటికే వచ్చి తలుపు కొడుతుంటాడు, లోపలివాళ్ళు వణికిపోతుంటారు. అంతే కథ. చల్లగాలి వీస్తోంది. దుప్పటి ఉబ్బినప్పుడల్లా తెర మీది బంగళా కూడా ఊపిరి తీసుకున్నట్టుండేది. కూర్చోనన్న సుశీలమ్మ పది నిమిషాలకే కుర్చీ తెచ్చుకుంది. "ఈ దయ్యానికి అంగీ ఎవరు ఇస్త్రీ చేస్తరే? ఒక్క ముడత గూడ లేదు," అంటుంటే సునంద నవ్వింది. ఏడాది తర్వాత నేను విన్న ఆమె నవ్వు అదే.

తెర మీద మొదటిసారి తలుపు చప్పుడైంది. లోపల ఆడవాళ్ళు గోడకు అతుక్కుపోయారు, ఒకడు గడియకు అడ్డంగా బల్ల జరుపుతున్నాడు. సునంద నా చెయ్యి పట్టుకుంది, హాస్టల్ రోజుల్లోలాగే. అప్పుడు కీర్తి లేచి నిలబడింది. దాని నీడ దుప్పటి మీద ఆ తలుపుకు సరిగ్గా ఎదురుగా పడింది.

"తలుపు ఎందుకు తీస్తలేరు?"

 తెర మీద మళ్ళీ చప్పుడు.

"ఆయన ఇల్లే గదా అది! వాళ్ళ డాడీ గదా! తియ్యుండ్రి!" అని అరిచింది. 

నేను సినిమా ఆపేశాను. తెర మీద ఆ మూసిన తలుపు అలాగే నిలిచిపోయింది. సునంద కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల వెక్కిళ్ళ మధ్య చెప్పింది. "ఆ దినం డాడీని పెట్టొచ్చినప్పుడు ఎనకకు తిరిగి చూడొద్దన్నరు. చూస్తే ఎంబడి వస్తడన్నరు. నేను చూడలే మమ్మీ. ఎవలు చూడలే. డాడీ ఒక్కడే ఉండిపోయిండు. ఎంబడి వస్తే ఏమైతుండె? మనింటికే గదా వస్తుండె?"

 చిన్నప్పటి నుంచి ఎన్ని భయాలు తెర మీద చూశానో, ఒక్కటీ ఇంత లోపలికి దిగలేదు. దయ్యాన్ని చూసి భయపడ్డ పిల్ల కాదు ఇది. తండ్రి ఇంటికి రాకుండా తామే అడ్డుకున్నామేమోనన్న దిగులును ఏడాదికి పైగా ఒక్కతే మోస్తున్న పిల్ల.

సుశీలమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి నేల మీద కూర్చుంది. ఆమె మోకాళ్ళకు అది తేలిక పని కాదు. "ఆ మాట అన్నది నేనే బిడ్డా," అంది. "మా అమ్మ నాతోని అన్నది, నేను నీతోని అన్న. అర్థం తెల్వకనే అన్న. వాడు నా కొడుకు. వాడు ఎంబడొస్తే నేనెందుకు భయపడ్త? అన్నం పెడ్త. వాడు ఒంటరిగ లేడు బిడ్డా. దేవుని కాడ ఉన్నడు. నువ్వు చూడకపోతే వాడు కోపం చెయ్యడు."

"నిజంగ?"

"నిజంగ. నీ మీద వానికి ఎన్నడన్న కోపమొచ్చిందా?"

కీర్తి ఆలోచించింది. "ఒక్కపారి. స్కూటర్ తాళం చెవి బాయిల పడేసినప్పుడు."

సునంద ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఆ డాబా మీద ప్రభాకర్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో. ఇంట్లో ఎవరూ ఇన్నాళ్ళు ఆ పేరు ఎత్తలేదట, పిల్ల బాధపడుతుందని పెద్దవాళ్ళు, పెద్దవాళ్ళు బాధపడతారని పిల్ల. చివరికి కీర్తే కళ్ళు తుడుచుకొని "మిగిలింది చూద్దాం," అంది. చూశాం. చివర్లో ఒక మంత్రగాడు వచ్చి, నిమ్మకాయలు కోసి, ఆ తండ్రిని తరిమేశాడు. "గిదేం సినిమా!" అని కీర్తి మండిపడింది. సుశీలమ్మ దాని పక్షమే.

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయ్యాక సంతపూర్ నుంచి సుశీలమ్మ తమ్ముడు పంపిన బంతిపూల మూట బస్సులో దిగింది. బకెట్లు, చీపురు, సున్నం, పూలు పట్టుకొని నాలుగింటికి సమాధుల తోటకు బయలుదేరాం. గేటు బయట జాతరలా ఉంది. కొవ్వొత్తులు, అగరబత్తులు, మిర్చి బజ్జీలు, చెరకు రసం. కీర్తి గేటు దగ్గర ఆగింది. మేమూ ఆగాం. ఎవరూ రమ్మనలేదు. కాసేపటికి నానమ్మ కొంగు పట్టుకొని తనంతట తానే లోపలికి నడిచింది.

లోపల భయపడటానికేమీ లేదు. కుటుంబాలు చాపలు వేసుకొని కూర్చున్నాయి. ఒకాయన తన తల్లి సమాధి అంచుకు నీలం రంగు వేస్తూ పాట పాడుతున్నాడు. పిల్లలు సమాధుల మధ్య పరుగెత్తుతున్నారు. ప్రభాకర్ సమాధిని నలుగురం కడిగాం. సున్నం కీర్తే వేసింది, సగం తన గౌను మీదే. బంతిపూలతో శిలువ చుట్టూ దండ కట్టి, పొద్దు వాలుతుంటే కొవ్వొత్తులు వెలిగించాం. ఒక్కొక్క సమాధీ వెలుగుతూ, చూస్తుండగానే ఆ నేలంతా తిరగేసిన ఆకాశంలా అయింది. ఎర్రమట్టి, పసుపు పూలు, పొగలో తేలే దీపాలు. పాస్టరుగారి ప్రార్థన దూరం నుంచి అల మీద అలలా వచ్చింది. కీర్తి చెవిలో చెప్పినట్టు సమాధి మీదికి వంగి, రాత్రి సినిమా కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మంత్రగాడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. ఆ చివరి భాగం మార్చి చెప్పింది. దాని కథలో తలుపు తీశారు.

తిరిగి వస్తూ గేటు దగ్గర సుశీలమ్మే ముందు ఆగింది. మనవరాలి భుజాలు పట్టుకొని వెనక్కి తిప్పింది. నలుగురం నిలబడి, కళ్ళారా చూశాం.

హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. సునంద, నేను ఇన్నేళ్ళు దయ్యాల సినిమాలు ఎందుకు చూశామంటే, భయం సరదాగా ఉంటుందని. కొన్ని భయాలకు అడుగున ప్రేమ ఉంటుందని, అది బయటికి రాలేక తలుపు కొడుతుంటుందని ఒక తొమ్మిదేళ్ళ పిల్ల లేచి నిలబడేదాకా నాకు తోచలేదు. ఈ కాలంలో సాయంత్రాలు త్వరగా చీకటి పడతాయి. చాలా చోట్ల మనుషులు ఆ చీకట్లోకి ఏదో ఒక దీపం పట్టుకొని వెళ్తారు. ఎక్కడైనా పనేమో ఒక్కటే, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలవడం.

మీరూ ఈ రోజుల్లో బీదర్ వెళ్ళేట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి. తోటలో గాలి ఎక్కువ, కొవ్వొత్తులు నిలబడవు. ఒక ప్యాకెట్టు, ఒక అగ్గిపెట్టె అదనంగా పెట్టుకోండి. ఎవరూ రాని సమాధులు గోడ వారన చాలా ఉంటాయి. వాటి దగ్గర దీపం పెడితే మీరెవరని అక్కడ ఎవరూ అడగరు.