మీసానికే సరిపోయిన రంగు

మా వదిన కన్నుమూసిన వార్త మీ అందరికీ అందే ఉంటుంది. దానితోపాటు ఇంకొక మాట కూడా కలకత్తాలోని మన తెలుగు ఇళ్ళలో తిరుగుతున్నది. పోయేముందు ఆమె మనసు మార్చుకుని, తన జుట్టుకు నల్లరంగు వెయ్యమని అడిగిందట. అది అబద్ధం. చివరి రెండు రోజులూ ఆమెకు మాట లేదు; మంచం పక్కన నేనే ఉన్నాను. రంగు వేసింది ప్రాణం పోయిన తరువాత. వేయించినవాడు ఆమె భర్త, నా స్వంత అన్నయ్య. అతను ఇది చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

అరవై దాటాక ఒకనాడు అద్దంలో చూసుకుని, నల్లరంగు కింద తన ముఖం అలిసినట్టు కనిపిస్తున్నదని వదిన రంగు మానేసింది. ఏడాదిపాటు సగం తెలుపు, సగం నలుపు తలతో తిరిగింది. ఒక్కనాడూ కొంగు కప్పుకోలేదు. తెల్లజుట్టుకు కొబ్బరినూనె పసుపురంగు పట్టిస్తుందని దాన్నీ వదిలేసి, కుంకుడుకాయతో రుద్దుకుని, చివరి చెంబు నీళ్ళలో బట్టలకు వేసే నీలిమందు ఒక చుక్క కలుపుకునేది. చెవులకు బంగారం తీసి వెండి పెట్టింది. అన్నయ్య నగలు అమ్ముకున్నాడని కొందరు జాలిపడ్డారు. వయసుకు తగినవంటూ కోడలు తెచ్చిన లేతరంగు చీరలు పనిమనిషికి ఇచ్చేసి, వంగపండు రంగు, ఆవపిండి రంగు బెంగాలీ నేతచీరలు గంజి పెట్టి కట్టేది. "జుట్టు వెలిసింది చాలు, చీర కూడా ఎందుకు వెలిసిపోవాలి?" అనేది. కళాశాలలో జీవితమంతా పాఠాలు చెప్పిన నేను, నా నెరిసిన జుట్టును తలెత్తుకుని మొయ్యడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అన్నయ్యది వేరే దారి. ఎనభై దాటినా మీసానికి వారం వారం రంగు వేస్తాడు. ఒకసారి బస్సులో ఎవరో కుర్రవాడు లేచి "దిదిమా, బోషున్" అని, అమ్మమ్మను పిలిచినట్టు పిలిచి, వదినకు సీటిచ్చాడు. అన్నయ్యను మాత్రం "దాదా, కాస్త జరగండి" అని, తన అన్నను పిలిచినట్టు పిలిచాడు. ఆ వారమంతా వదిన అన్నయ్యను "రా మనవడా, అన్నం తిను" అనే పిలిచింది. అతను నవ్వలేదు, మరిచిపోనూ లేదు.

మరొకసారి ఒక పెళ్ళిలో, శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టం అందరికీ వినబడేలా అడిగింది.

"ఏటి వదినా, ఇంట్లో రంగు కొనీవోళ్ళు లేరేటి?"

"ఉన్నారమ్మా. తెచ్చిందంతా ఆయన మీసానికే సరిపోతాది."

పంక్తిలో కూర్చున్న అన్నయ్య విస్తరి మీదినుంచి తల ఎత్తలేదు.

ఆమె పోయిన ఉదయం, న్యూ టౌన్‌లోని వాళ్ళ ఫ్లాట్ హాల్లో పడుకోబెట్టి, ముఖానికి పసుపు రాశారు. అన్నయ్య లోపలికి వెళ్ళి, తన మీసానికి వాడే గిన్నె, చిన్న బ్రష్షు తెచ్చి కోడలి చేతికిచ్చాడు. వద్దని నేను అడ్డుపడ్డాను.

"ఇలా పంపిస్తే నలుగురూ ఏటనుకుంటారు? పెళ్ళి చేసుకోనిదానివి, ముత్తైదువ సంగతి నీకేటి తెలుసు?" అన్నాడు.

కోడలు పని కానిచ్చింది. చెవి మీద కారిన నలుపును వదిన కొంగుతోనే తుడిచింది. అన్నయ్య కాసేపు చూస్తూ నిలబడి, నావైపు తిరిగాడు.

"చూశావా చెల్లీ, ఇన్నాళ్ళకి నా మాట విన్నాది."

అంతగా సంతోషించిన అన్నయ్యను నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. వచ్చినవాళ్ళు నల్లని తల చూసి తెల్లబోయారు. వాళ్ళకు సమాధానంగా కోడలు చెప్పిన మాటే మీ చెవిన పడినది.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదన్నారు; వెళ్ళాను. విద్యుత్ కొలిమి ముందు ఆమెను పాడె మీదినుంచి మార్చేటప్పుడు తల ఒక పక్కకు ఒరిగి, ముడి వీడింది. వెనకంతా తెలుపే. నీలిమందు చుక్కతో మెరిసిన ఆమె తెలుపు. మీసానికి తెచ్చిన రంగు ముందుభాగం దాటి రాలేదు. వదిన మాటే నెగ్గింది. అన్నయ్య కూడా చూశాడు, వెంటనే ముఖం తిప్పుకున్నాడు. ఇనుప తలుపు తెరుచుకుని మూసుకునేవరకు నేను ఆ తెలుపునే చూస్తూ నిలబడ్డాను.

రేపు నేను పోతే నన్ను సాగనంపవలసిన దగ్గరివాళ్ళూ ఆ ఇంటివాళ్ళే. అదే గిన్నె, అదే బ్రష్షు. అందుకని పోయిన వారం ఒక వైద్య కళాశాలకు వెళ్ళి, నేను పోయాక నా శరీరం వాళ్ళకే చెందేలా సంతకం చేసి వచ్చాను. ఎవరినీ అడగలేదు. తీసుకువెళ్ళి అప్పగించే పని మా ఎదురు ఫ్లాట్‌లోని బెంగాలీ అమ్మాయి ఒప్పుకున్నది. నేను పోయిన కబురు మావాళ్ళకు ఆ తరువాతే అందుతుంది. అక్కడి విద్యార్థులు నా జుట్టు కత్తిరిస్తారేమో. రంగు మాత్రం వెయ్యరు.