తొండూరు దారిలో ఖాళీ వదిలిన గోడ

ఎన్నికలు దగ్గరపడిన రోజుల్లో, తొండూరు దాటాక ఉన్న ఒక పల్లెలో బడిగోడకు బొమ్మలు వేయడానికి ప్రొద్దుటూరులో బయల్దేరాను. నేను డ్రాయింగు మాస్టరును. ఆ బడి హెడ్మిస్ట్రెస్ రత్నమ్మ ఒకప్పుడు జమ్మలమడుగులో నాతో పనిచేసిన మనిషి. "గోడ ఖాళీగా ఉంటే పార్టీలోళ్లు రాసేస్తారు. మీరే ముందొచ్చి ఏదన్నా ఎయ్యండి సార్" అని కబురు పెట్టింది.

పొద్దున ఏడింటి బస్సు పట్టుకుని, జమ్మలమడుగులో దిగి కారం దోసె తిని, పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటాక పక్క సీటు రైతు నా ఒళ్లోని బొమ్మల కాగితాలు చూశాడు. చెయ్యెత్తి జవాబు చెప్పే పిల్లవాడు, సైకిలు మీద బడికొచ్చే పిల్ల.

"చెయ్యి ఒక పార్టీది, సైకిలు ఇంకో పార్టీది. ఇవి మడిచి పెట్టుకో సారూ" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రత్నమ్మ ఇంట్లోనే బస. పసుపు, పచ్చ, నీలం పార్టీల రంగులు, వద్దని ఆమె ముందే చెప్పింది. ఎర్రమన్ను జాజు, నలుపు, సున్నం మిగిలాయి. చాలనుకున్నాను. గీత, ఆకారం కుదిరితే రంగు తక్కువైనా బొమ్మ నిలుస్తుంది. చెయ్యి, సైకిలు మానేసి, వెనక కొండలు గీసి, ఎడమవైపు పెద్ద చింతచెట్టు వేశాను. ఆ బరువుకు సరితూగేలా కుడి మూలన గొర్రెలమంద వేయాలి. అక్కడ కుంచె పెట్టబోతుంటే బడిలో వంటచేసే నారాయణమ్మ వచ్చింది.

"ఆ మూల ఏమీ ఎయ్యొద్దు సారూ. నా కొడుకు ఆడ పార్టీ పేరు రాస్తాంటే నరికినారు. కుంచె చేతిలోనే ఉండె."

కుంచె దించేశాను. గొర్రెలు లేకపోతే చెట్టు బొమ్మనంతా ఒకవైపుకు లాగేస్తుంది. సాయంత్రం దాకా గోడకెదురుగా కూర్చుని ఆలోచించాను. మర్నాడు కొమ్మలన్నీ ఆ మూలకేసి చాచాను. కొండల వాలు కూడా అటే తిప్పాను. చూపు చెట్టు దగ్గర మొదలై, ఆ తెల్లటి చోటుకు వెళ్లి ఆగింది. చెట్టుకు ఆ ఖాళీయే సరితూగింది.

మధ్యాహ్నం ఒక జీపు వచ్చింది. దిగినవాళ్లలో పెద్దాయన గోడంతా చూశాడు.

"ఇంత జాగా ఊరికే వదిలినారే. మా గుర్తు ఎయ్యండి."

వంటగదిలోంచి నారాయణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఆ తెల్లటి చోటుకు వీపానించి నిలబడింది.

"రాసుకోండప్పా. నేను ఈడనే నిలబడుకోనుంటా. నా మీంద నుంచే రాసుకోండి."

ఆయన ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. "పదండిరా" అని జీపెక్కాడు. సాయంత్రం రెండో పార్టీ వాళ్లూ వచ్చారు. ఆమె అక్కడే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. వాళ్లు ఆగకుండానే వెళ్లిపోయారు.

మరుసటి పొద్దున తిరుగు బస్సెక్కాను. ఆ దారిలో ఏ ఊళ్లో చూసినా గోడ మీద జానెడు చోటు మిగల్లేదు. ఎన్ని రంగులున్నా నాకు గుర్తుండేది మాత్రం ఆ తెల్లటి మూలే.

బస్సులో సీట్లన్నీ నిండి, నిలబడే ఉన్నాను. ఒక ముసలాయన నా గోళ్లకంటిన జాజు చూసి, "ఏ పార్టీకి రాసొస్తాండావు?" అని అడిగాడు.

"బడికి" అన్నాను.

ఆయన తన పక్క సీటు మీది మూట తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కూసో సారూ" అన్నాడు.