హొసియా తాళం

డెట్రాయిట్ తూర్పు పక్కన ఓలీ పెరిన్ అనే ఆవిడకి ఒక బారు ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక జనం ఆ టోపీలూ ఆ కోట్లతోనే తిన్నగా అక్కడికి వచ్చి కూర్చునేవారు. ఓలీ వేయించిన చేప ముక్కలు బల్లల మీద పెట్టేది. చలికాలమైతే తలుపు కింద సందులో ఒక పాత కోటు కుక్కేది. మూలనున్న చిన్న అరుగు మీద ఆర్లిస్ గ్యాడ్సన్ ట్రంపెట్ వాయించేవాడు. వెనక పియానో, బేస్, డ్రమ్స్. అంతే, నలుగురు. పక్కన శాక్సఫోన్ లాంటిది ఏదైనా ఉంటే అది ఊదుతున్నంతసేపు ట్రంపెట్ వాడు పెదవికి కాస్త విశ్రాంతి ఇచ్చుకుంటాడు. ఆర్లిస్‌కి ఆ సుఖం లేదు. పెదవి వాచినా, ఊపిరి చాలకపోయినా పాట అతనే మొయ్యాలి.

అతన్ని వినకుండా పోయినవాళ్ళది దురదృష్టం, ఇంకో మాట లేదు. ఆ రోజుల్లో పత్రికలు నెత్తిన పెట్టుకున్న ట్రంపెట్ వాళ్ళలో సగం మంది వేగం చూపించి బతికారు. ఆర్లిస్ దారి వేరు. స్వరం పడవలసిన చోట పడనిచ్చేవాడు కాదు. మర్చిపోయాడేమో, ఇక రాదేమో అని వినేవాడి గుండె ఒక్కసారి జారాక మెత్తగా తెచ్చి అక్కడ పెట్టేవాడు. అలా ఆలస్యంగా వచ్చిన స్వరానికి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆ బారులో చాలామందే ఉన్నారు. ముందు బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడలు చర్చిలో పాస్టరుతో అన్నట్టే అతనితోనూ అనేవారు, "తొందరేం లేదు నాయనా, నిదానంగా చెప్పు" అని. ఆ నాలుగు వీధులు దాటితే మాత్రం అతని పేరు ఎవరికీ తెలియదు. రికార్డంటూ ఒక్కటీ రాలేదు.

ఎందుకు రాలేదో బారులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. కారణం డ్రమ్స్ వెనక కూర్చున్న హొసియా ట్రాటర్. ఆర్లిస్ భార్య వెర్నాకి స్వయానా అన్న. పాట మొదలైనప్పుడు బాగానే ఉండేవాడు. సగానికి వచ్చేసరికి వేగం దిగిపోయేది, చివరికి నడక కాస్తా ఈడ్పు అయిపోయేది. మంచి పియానో వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి, నాలుగు వారాలు పళ్ళు బిగబట్టి, వేరే బ్యాండు చూసుకున్నారు.

ఆర్లిస్ ఎక్కడికి పోతాడు? జార్జియా నుంచి బస్సు దిగినప్పుడు ఇంట్లో పెట్టుకున్నది హొసియా. కార్ల ఫ్యాక్టరీలో రంగులు కొట్టే షాపులో మాట సాయం చేసి పని ఇప్పించింది హొసియా. చెల్లెల్ని ఇచ్చి చేసిందీ, మేడ మీద వాటా ఇచ్చిందీ అతనే. పొద్దున్న ఇద్దరూ ఒకే కారులో పనికి పోయేవారు, సాయంత్రం అదే కారులో వచ్చేవారు, ఆదివారం అదే కారులో డ్రమ్స్ వేసుకుని బారుకి. తాళం వేయడమంటే మన భాషలో రెండు పనులు. హొసియా తన బావకి ఆ రెండూ చేశాడు, ప్రేమగానే చేశాడు, అదే అసలు చిక్కు. కొట్టేవాడైతే తిరగబడొచ్చు. ఆదివారాలు ఇంట్లో చిలగడదుంప పిండివంటలో పెద్ద ముక్క నీకే తీసిపెట్టే మనిషిని ఏమని వదిలించుకుంటారు?

అందుకని ఆర్లిస్ అతన్ని మోయడం నేర్చుకున్నాడు. డ్రమ్ము జారుతున్నట్టు చెవికి తగలగానే తన స్వరాన్ని ఇంకాస్త వెనక్కి లాగేవాడు. అప్పుడు డ్రమ్ము జారినా వినేవాళ్ళకి తప్పుగా తోచేది కాదు, అది కావాలని చేసిన సోకులా ఉండేది. ఏళ్ళ తరబడి అదే పని. తోటివాళ్ళు ఒక్కొక్కరే న్యూయార్క్ బస్సెక్కేవారు, అతను వాళ్ళని సాగనంపి సోమవారం రంగుల షాపులో మూతికి గుడ్డ కట్టుకునేవాడు. నిద్రపట్టనప్పుడు వెర్నాతో ఒక్కటే మాట అనేవాడు, మంచి తాళం మీద ఒక్కసారి వాయిస్తే చాలు, ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదని. వెర్నా అటు తిరిగి పడుకునేది. అటు మొగుడు, ఇటు అన్న. ఆవిడ మాత్రం ఏమంటుంది?

పంతొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో ఆ ఒక్కసారీ వచ్చింది. విల్‌ఫ్రెడ్ పాషల్ అని, ఒకప్పుడు ఈ బారులోనే పియానో వాయించి న్యూయార్క్ పోయి పైకొచ్చిన మనిషి, బ్యాండుతో డెట్రాయిట్‌కి వచ్చాడు. అతని ట్రంపెట్ వాడు వేరే బ్యాండుతో వెళ్ళిపోయాడు. పాషల్ ఆదివారం బారుకి వచ్చి వెనక బల్ల దగ్గర నిలబడి అంతా విన్నాడు. పోతూ పోతూ ఆర్లిస్‌ని కోట్లు తగిలించే చోటికి పిలిచి, శనివారం మధ్యాహ్నం మా వాళ్ళతో కూర్చుని వాయించు, కుదిరితే మాతో వచ్చెయ్, రికార్డు పని కూడా ఉంది అన్నాడు. గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ ఆ డ్రమ్స్‌తో ఎలా నెట్టుకొచ్చావయ్యా" అని కూడా అన్నాడు.

ఆ వారమంతా కారులో హొసియా పక్కన కూర్చుని ఆర్లిస్ ఆ మాట ఎత్తలేదు. హొసియా ఎప్పటిలాగే ఫోర్‌మన్ మీద జోకులు వేశాడు, హీటరు చెడిపోయిందని కారుని తిట్టాడు, బావకి చలేస్తోందని తన మఫ్లరు తీసి ఇచ్చాడు. ఆర్లిస్ ఆ మఫ్లరు మెడకి చుట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. ఒక్క వెర్నాకే చెప్పాడు. ఆవిడ అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ, వెళ్ళు, మా అన్నకి నేను చెప్పుకుంటాను అంది. అంత తేలిగ్గా అంటుందని అతను అనుకోలేదు.

శనివారం పాషల్ బ్యాండు దిగిన హోటల్ హాల్లో కుర్చీలు తలకిందులుగా బల్లల మీద ఉన్నాయి. పాషల్ మధ్యస్థమైన నడకలో ఒక పాత పాట ఎత్తుకున్నాడు. అతని డ్రమ్స్ వాడు సన్నగా నవ్వుతూ మొదలుపెట్టాడు. ఆ తాళం ఎంత తేలికగా ఉందంటే, ఆర్లిస్‌కి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళూ కలగన్నది ఇదే. ట్రంపెట్ ఎత్తి మొదటి స్వరం వేశాడు. అలవాటు కొద్దీ రెండో స్వరం ఆపి పట్టుకున్నాడు, కింద తాళం జారుతుంది కదా, దాని మీద పెడదామని.

తాళం జారలేదు. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అతని స్వరం ఆలస్యంగా వచ్చి నేల మీద పడింది. సోకు లేదు, ఏమీ లేదు, ఉత్త ఆలస్యం. సరే, ముందుకి తోద్దామని పెదవి బిగించాడు. స్వరం సన్నబడి కీచుమంది. మళ్ళీ నెమ్మదించాడు, మళ్ళీ వెనకబడ్డాడు. పాషల్ తన నడినెత్తి మీద చేత్తో తట్టుకున్నాడు. అంటే సొంత కల్పన చాలు, పాట మొదటికి రండి అని అర్థం. ఇంకో పాట ఎత్తుకున్నారు, మళ్ళీ నెత్తిన తట్టుకున్నాడు. మూడో పాటలో ఆర్లిస్ తన చేత్తో తానే నెత్తి తట్టుకుని ముగించాడు.

పాషల్ మంచివాడు, కేకలు వెయ్యలేదు. పియానో మూత దింపి మెల్లిగా అడిగాడు.

"ఎవరి కోసం ఆగుతున్నావ్ ఆర్లిస్?"

ఆర్లిస్ ట్రంపెట్ పెట్టెలో పెట్టేశాడు. మఫ్లరు తీసి చేతికి చుట్టుకుని నడిచే ఇంటికి వచ్చాడు. దారి పొడుగునా లెక్క వేసుకున్నాడు. ఆ బారులో జనం ఏడ్చింది దేనికో ఇప్పుడు తెలిసింది. తనకంటూ ఉన్న ఆ కాస్త గొప్పా హొసియా తప్పు మీద లేచిన గోడ. అది తీసేస్తే కింద ఏమీ లేదు. వెర్నా తలుపు తీసి, మొహం చూసి పక్కకి తప్పుకుంది. అన్నం తినకుండా పడుకున్నాడు. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

మర్నాడు చర్చికి పోలేదు. హొసియా డ్రమ్స్ వేసుకుని ముందే వెళ్ళిపోయాడని వెర్నా చెప్పింది. ఆర్లిస్ బారులో అడుగు పెట్టేసరికి డ్రమ్స్ వెనక, చర్చిలో వాయించే లీలండ్ అనే అతను కూర్చుని డ్రమ్ముల బిగువు సరిచేసుకుంటున్నాడు. మంచి చెయ్యి అతనిది. హొసియా కొత్త సూటు వేసుకుని కౌంటర్ దగ్గర స్టూలు మీద, వినడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

"వెర్నా నిన్న పొద్దున్నే చెప్పింది," అన్నాడు. "నాతో నువ్వే చెప్పి ఉంటే బావుండేది. సరే, వదిలెయ్. నా తాళం జారుతుందని నాకు తెలీదనుకున్నావా బావా? ఈ కుడి భుజం ఎప్పుడో పోయింది. రాత్రుళ్ళు పక్కకి తిరగలేను. ఎన్నోసార్లు మానేద్దామనుకున్నా. నేను మానేస్తే నువ్వు మొహమాటపడి ట్రంపెట్ మానేస్తావేమోనని లాక్కొచ్చా. ఇక లీలండ్ వాయిస్తాడు. న్యూయార్క్ వాళ్ళు ఎప్పుడు పిలిచినా నీకు నా అడ్డం ఉండదు."

చెప్పేసి హాయిగా ఊపిరి వదిలాడు. ఇంతకాలం ఇటువైపు నుంచి తానొక్కడే బందీనని అనుకున్నాడు ఆర్లిస్. అటువైపు కూడా ఒక మనిషి భుజం పట్టుకుని కూర్చున్నాడు.

ఇన్నేళ్ళూ కోరుకున్న మాట అది. చేతిలో పెట్టారు. ఆర్లిస్ లీలండ్ వైపు చూశాడు, ముందు బల్ల పెద్దావిడల వైపు చూశాడు. నిలకడైన తాళం మీద వాయించడం నేర్చుకోవచ్చు. నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఆదివారం ఆదివారం వీళ్ళ ముందు వెనకబడుతూ, కీచుమంటూ వాయించాలి. వాళ్ళు మర్యాదగా చేప ముక్కలు తింటారు.

"నువ్వే కూర్చో బావా," అన్నాడు.

"జాలిపడకు."

"జాలి కాదు. నువ్వు లేకపోతే నాకు వాయించడం రావట్లేదు. నిన్న తేలిపోయింది."

జీవితంలో అంత నిజం అతను ఎవరితోనూ చెప్పి ఉండడు. హొసియా అది తన మీద ప్రేమతో అన్న మాటనుకుని పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుని ఓలీ వైపు తిరిగి, "విన్నావా? నా చెల్లెలు ఎలాంటివాణ్ణి చేసుకుందో విన్నావా? న్యూయార్క్‌ని కాదని వచ్చాడు," అన్నాడు. ముందు బల్ల పెద్దావిడలు తలలూపారు. ఒకావిడ లేచి వచ్చి ఆర్లిస్ చెంప నిమిరింది.

లీలండ్ లేచి చోటిచ్చాడు. హొసియా కోటు విప్పుకోబోయాడు. కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు. నవ్వు మొహం అలాగే ఉంది, పెదవి కింద పళ్ళు బిగించాడు. ఓలీ కౌంటర్ దాటి వచ్చి ఆ చేతి మీంచి కోటు మెల్లిగా లాగింది.

ఆర్లిస్ అది చూశాడు. తానన్న మాట వెనక్కి తీసుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంది. అతను ట్రంపెట్ ఎత్తి, వెనక్కి తిరక్కుండా, ఆ చెయ్యి అందుకోగలిగేంత నెమ్మదిగా పాటకి లెక్క పెట్టాడు.