ఎడమ పక్క వెనక తలుపు

దెయ్యాల మాట ఎత్తినవాళ్లకు మా ఇంట్లో రెండో వడ్డన ఉండేది కాదు. పనిలేని నోళ్లకు అవి వక్కపలుకుల్లాంటివని నా నమ్మకం. నేను చదివింది నాలుగో తరగతి. కంటితో చూసింది, చేత్తో పట్టుకుంది తప్ప ఇంకోటి ఒప్పుకునే అలవాటు మొదటినుంచీ లేదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మనవరాలు పట్టుబట్టింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా సొంతంగా ఒక్క ముక్క కలపలేదు.

ఎనభైల్లో మేము చిత్తూరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన అంబాసిడర్ కారు బాడుగకు తోలేవాడు. తిరుపతి కొండ, కాణిపాకం, వేలూరు ఆసుపత్రి, కోర్టు వాయిదాలు. ఆ కారే మాకు పొలం, అదే పాడి. షెడ్డు లేదు. ఇంటి ముందర వీధిలో, మా అరుగుకు ఎదురుగా నిలిపేవాళ్లం.

మా అత్త మునెమ్మకు ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం అన్నం తిని, కారు ఇంటి దగ్గర ఉంటే చాలు, పోయి వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చునేది. గాలి కోసం తలుపు జానెడు తెరిచి, ఒక కాలు గడప మీద పెట్టినట్టు బయటకు పెట్టి, ఆకూవక్కా నములుతూ వీధి చూసేది. నేను పోయి దింపేదాన్ని.

"దిగత్తా. సీటుకు మరకలైతే రేపు బాడుగకొచ్చినోళ్లు యాడ కూచుంటారు?"

"దిగతా లేమ్మీ. నేను కూచుంటే కారు అరిగిపోతాదా?"

గొణుగుతూనే దిగేది. రోజూ ఇదే తంతు. నాకు కోపమూ లేదు, ఆమెకు బాధా లేదు అనుకునేదాన్ని.

ఆమెకు ఒకే కోరిక ఉండేది. చెల్లెలు గంగమ్మను గూడూరులో నిమ్మకాయల మండీ ఉన్న ఇంటికి ఇచ్చారు. కలిగిన ఇల్లు. మా అత్త ఆ ఇంటికి ఎప్పుడు పోయినా బస్సులో పోయి, బస్టాండు నుంచి సంచి నెత్తిన పెట్టుకుని నడిచేది. "ఒక్కసారి మన కార్లో పోయి గంగ వాకిట్లో దిగాలమ్మీ. అది సూడాల" అనేది. ఆ పక్కకు బాడుగ తగిలినప్పుడు ఊరికే పోయి రావచ్చు, పెట్రోలు దండగ చేయడం ఎందుకని నేను ఆపుతూ వచ్చాను. బాడుగ రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ కారు నిండా మనుషులే. ఆ ఏడు వానల్లో రెండు రోజుల జ్వరంతో ఆమె పోయింది.

ఆ తర్వాత రెండు నెలలకు, తిరుపతిలో మా ఆయన యాత్రికులకు దారి చూపించి వచ్చేలోపల, పట్టపగలు ఎవరో కారు తలుపు తీసి టేపురికార్డరు పెరుక్కుని పోయారు. ఇంక లాభం లేదని దొంగల అలారం పెట్టించాలనుకున్నాం. కార్ల కరెంటు పని చేసే షణ్ముగం మేస్త్రి మా ఇంటి ముందరే ఒక పగలంతా కూర్చుని బిగించాడు. నేను అరుగు మీద చింతపండు గింజ తీస్తూ అంతా చూశాను.

"ఏందక్కా, నన్నే దొంగని సూసినట్టు సూస్తా ఉండావు?"

"దొంగను ఇట్ల సూసింటే టేపురికార్డరు పోయుండేదా? నీ పని నువ్వు కానీయప్పా."

ఆ పని పెద్ద మాయేమీ కాదు. ఒక్కో తలుపు సందులో ఒక బుడిపె స్విచ్చి. తలుపు మూస్తే లోపలికి నొక్కుకుంటుంది, తెరిస్తే బయటికి వస్తుంది. నాలుగు తలుపుల తీగలూ స్టీరింగు కింద ఒక ఇత్తడి పట్టీ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి బానెట్టులో ఉన్న వేరే హారనుకు. ముందు చక్రం మడ్‌గార్డు లోపల, బయటికి కనబడకుండా అసలు స్విచ్చి. దిగి తలుపు మూసి, వంగి ఆ స్విచ్చి వేస్తే, ఆ తర్వాత ఏ తలుపు తీసినా అరుస్తుంది. ఒకసారి అరిచిందంటే తలుపు మూసినా ఆగదు, ఆ స్విచ్చి ఆర్పాల్సిందే.

నేను మూడు తలుపులకు చాలన్నాను. ఎడమ పక్క వెనక తలుపు లోపలి నుంచి బిగించేస్తే స్విచ్చి ఒకటి మిగులుతుంది గదా.

మా ఆయన తలెత్తకుండా, "అమ్మ తలుపుకు గూడా పెట్టు మేస్త్రీ" అన్నాడు.

మధ్యలో మేస్త్రి దగ్గర తీగలకు చుట్టే టేపు అయిపోయింది. తీగలను కట్టగా కట్టడానికి నేను పాత గుడ్డ చించి ఇచ్చాను. అది మా అత్త నూలు చీర. పోయినవాళ్ల గుడ్డలు చాకలికి వేసేస్తారు. నేను అన్నీ వేసి, గట్టి నేత అని ఆ ఒక్కటి దాచుకున్నాను. ఏ తీగ ఏ తలుపుదో గుర్తుండడానికి ముళ్లు కూడా నేనే వేశాను. ఎడమ వెనక తలుపు తీగకు రెండు ముళ్లు.

సాయంత్రం పరీక్షకు మోగిస్తే కరెంటు తీగ మీది కాకులన్నీ లేచిపోయాయి. పక్కింటి జయమ్మ చేతిలో గరిటెతో బయటికి వచ్చింది.

తొమ్మిది రోజులు అంతా బాగుంది. పదో రోజు మధ్యాహ్నం, మా ఆయన అన్నం తింటుండగా మోగింది. ఎంగిలి చేత్తో పరిగెత్తాడు. వీధిలో పురుగు లేదు. నాలుగు తలుపులూ మూసే ఉన్నాయి. మరుసటి రోజు కారు తిరుపతి పోయింది. ఆ మరుసటి రోజు మళ్లీ ఇంటి దగ్గర ఉంది, మళ్లీ అదే వేళకు మోగింది.

మేస్త్రి వచ్చి చూశాడు. ఎండకు రేకు సాగిందేమో అన్నాడు. కారును వేపచెట్టు నీడకు మార్చాం. మోగింది. నాలుగు స్విచ్చిలూ మార్చాడు. మోగింది. చీర పీలికల వల్లేనని జయమ్మ అంటే, నవ్వుకుంటూనే అవన్నీ విప్పి, అవే గుర్తు ముళ్లు వేసి పురికొసతో కట్టాను. అయినా మోగింది.

ఒక రోజు నేనే పనులన్నీ మానుకుని అరుగు మీద కూర్చుని కారు మీద నుంచి చూపు తిప్పకుండా చూశాను. మనిషి రాలేదు, కుక్క రాలేదు, తలుపు కదల్లేదు. మా అత్త చెయ్యి కడుక్కుని బయటికొచ్చే వేళకు సరిగ్గా అరిచింది.

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. రోజుకొక తీగ పీకి, మరునాడు దాన్ని తగిలించి ఇంకోటి పీకి చూశాను. మూడు రోజులు మూడు తీగలు పీకితే మూడు రోజులూ మోగింది. నాలుగో రోజు రెండు ముళ్ల తీగ పీకాను. మోగలేదు. తప్పు ఏ తలుపుదో దొరికింది గదా అని నేను సంతోషపడ్డాను. ఆ తీగను అట్లే వదిలేశాను.

ఈ లోపల మా ఆయన వేరే మనిషై పోతున్నాడు. మధ్యాహ్నం బాడుగలు మానేశాడు. మోగగానే పోయి ఆర్పి, ఎడమ వెనక తలుపు జానెడు తెరిచి, పొద్దు వాలేదాకా అరుగు మీదే కూర్చునేవాడు. "అమ్మ కూచునే బండిని బాడుగకు తోల్లేను. అమ్మేస్తా" అన్నాడు. కొనేవాడొకడు వచ్చి చూసుకుని కూడా పోయాడు. స్టీరింగు తప్ప ఆయన చేతికి ఇంకో పని తెలియదు. కారు పోతే మేమేం తిని బతకాలి?

రెండు రోజులు మోగకపోయేసరికి ఆయన వంగి తీగలు చూశాడు. ఆయన ఎప్పుడూ నా మీద గట్టిగా అరిచినవాడు కాదు. ఆ రోజూ అరవలేదు.

"బతికుండంగా రోజూ దింపితివి. ఇప్పుడు గూడా దింపినావా?"

నేను పోయి, ఆ తీగను నా చేత్తోనే మళ్లీ తగిలించాను. మరునాడు మోగింది. ఆ హారను వింటూ పొయ్యి ముందర కూర్చున్నాను. సాయంత్రం చెప్పాను.

"రేపు తెల్లారి గూడూరు పోదాం. బండి కడగండి."

"బాడుగ యాడిది?"

"బాడుగ లేదు. ఊరికే పోదాం."

ఆయన నా ముఖం చూశాడు. "నీకు ఒళ్లు బాగుండాదా?" అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత ఆ రోజు ఆయన నవ్వడం చూశాను.

పెరుగన్నం మూట కట్టుకుని తెల్లారగానే బయలుదేరాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఏమీ పెట్టలేదు, పెట్టకూడదని నేను అననూ లేదు. కాళహస్తి దాటాక రోడ్డు గుంతలు. ప్రతి గుంత దగ్గరా ఆయన బండిని మెల్లగా దించి మెల్లగా ఎక్కించాడు, పెద్దవాళ్లను ఎక్కించుకున్నప్పుడు తోలినట్టు. పెట్రోలు ఎంత తాగుతుందోనన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మధ్యాహ్నానికి గూడూరు చేరాం. చిన్నత్త గంగమ్మ వసారాలో నిమ్మకాయలు ఏరుతూ ఉంది. కారును సరిగ్గా వాకిట్లో నిలిపాడు. ఇద్దరం దిగి తలుపులు మూశాం. తాళం వేయలేదు గానీ, అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మడ్‌గార్డు కిందకు పోయి స్విచ్చి వేసింది. నేను చూశాను.

చిన్నత్త లేచి వచ్చింది. నన్ను పలకరించలేదు. నన్ను దాటుకుని పోయి ఎడమ పక్క వెనక తలుపు పిడి పట్టుకుంది.

"చిన్నత్తా, తీయద్దు, అరుస్తాది!" అని చెవులు మూసుకున్నాను.

ఆమె తలుపు బార్లా తీసింది. కారు అరవలేదు. వీధిలో ఎవరిదో రిక్షా గంట వినబడింది, అంతే.

"దిగక్కా" అంది చిన్నత్త. "ఇన్నాళ్లకు కార్లో వస్తివా." తలుపు పట్టుకుని అట్లే నిలబడి, కాసేపటికి తలుపుకు తల ఆనించి ఏడ్చింది.

నాకేమీ కనబడలేదు. ఖాళీ సీటు, దాని అంచున నేను ఎంత తోమినా పోని ఆకూవక్కల మరక. కనబడిందని చెబితే అబద్ధమవుతుంది.

చిన్నత్తకు మతి తప్పలేదు. అక్క పోయిన సంగతి ఆమెకు ఉత్తరంలో తెలిసింది, కంటి ఆపరేషన్ అయి ఉండడం వల్ల రాలేకపోయింది. తర్వాత నేను అడిగితే, "కడసారి బస్సులో వచ్చినప్పుడు చెప్పి పోయింది. కార్లో ఎడమ పక్కన కూచోని వస్తా, తలుపు నువ్వే తీయాల గంగా అని. అందుకే తీసినా" అంది. ఆమె తలుపు తీయడంలో వింతేమీ లేదు.

నాకు అర్థం కానిది అలారం. స్విచ్చి వేసే ఉందా అని మా ఆయన్ను అడిగాను. వంగి చూశాడు. వేసే ఉంది. తీగ ఊడిందేమోనని కుడి పక్క వెనక తలుపు తీశాడు. వాకిలి అదిరిపోయేటట్టు మోగింది. చిన్నత్త కోడళ్లంతా బయటికి పరిగెత్తుకొచ్చారు. స్విచ్చి ఆర్పి, తలుపులన్నీ మూసి, మళ్లీ స్విచ్చి వేసి, ఎడమ వెనక తలుపు తీశాడు. ఈసారి అదీ మోగింది.

ఇంటి దగ్గర ఎవరూ తీయకుండా రోజూ మోగిన తలుపు, నిజంగా తీసిన ఆ ఒక్కసారి మాత్రం మోగలేదు.

ఆ తర్వాత అది తనంతట తాను ఒక్కనాడూ మోగలేదు. మా ఆయన కారు అమ్మలేదు, ఇంకా ఆరేళ్లు తోలాడు. షణ్ముగం మేస్త్రి మళ్లీ అంతా విప్పి చూసి, "లూజు కాంటాక్టు అక్కా" అన్నాడు. తెలియని ప్రతిదానికీ వాళ్లు చెప్పే మాట అదే. కావచ్చు. నా దగ్గర అంతకంటే మంచి మాట లేదు.

ఆ సాయంత్రం తిరిగి బయలుదేరేటప్పుడు చిన్నత్త నిమ్మకాయల మూట ఒకటి ఇచ్చింది. నేను వెనక తలుపు తీసి ఎడమ సీటు మీద పెట్టాను. మా ఆయన అద్దంలో చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఆడ పెడతావేందే?"

"అత్త దిగింది గదా" అన్నాను.

దెయ్యాలను నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. ఆ అలారం సంగతి ఎట్లాగూ తేలలేదు. ఆ మాట నా నోటి నుంచి అంత మామూలుగా ఎట్లా వచ్చిందో కూడా నేను ఇంతవరకూ చెప్పలేను.