మామయ్య తాగిన నీళ్లు

నా చిన్నప్పుడు మజ్జిగలోకి ఉప్పు అడిగితే మా నాయనమ్మ నవ్వేది. నూతిలోనే ఉందిగా, మళ్లీ ఎందుకే అనేది. రాజోలు అవతల, కాలవ చిట్టచివరి ఊరు మాది. కాలవ పారినన్నాళ్లూ మంచినీళ్ల చెరువు నిండుగా ఉండేది. ఆగిందా, చెరువు అడుగంటేది, నూతుల్లోకి సముద్రం వచ్చేది. ఆ నీళ్లతో పొద్దున్నే పొయ్యెక్కించిన కందిపప్పు మధ్యాహ్నానికీ పలుకులుగానే ఉండేది. నేను అయిదో తరగతితోనే బడికి సెలవిచ్చేసేను, బడి కూడా పెద్దగా బాధపడలేదు. కాబట్టి పొయ్యి ముందు కూర్చుని పప్పుని బతిమాలే ఉద్యోగం నాదే.

గోదారికి కొత్త బ్యారేజీ కడుతున్న రోజులవి. అది పూర్తయితే చివరి ఊళ్లక్కూడా లోటుండదని చెప్పేవారు. ఈలోగా ఆ ఏడు దాళ్వా వరి, అదే మా ఎండాకాలపు రెండో పంట, పొట్ట మీదుండగా కాలవ ఆగిపోయింది. ఒక్క తడి పడకపోతే పంటంతా తాలే. ఎగువన మా అమ్మ పుట్టింటి ఊళ్లో, కాలవకి అడ్డంగా తాటిదుంగలు పాతి, కొబ్బరిమట్టలు కట్టి, మట్టి కొట్టేరని తెలిసింది. దగ్గరుండి కొట్టించింది మా మేనమామే. ఆ కబురు విన్నాక మా అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. మా నాన్న పలుగు తెచ్చి గుమ్మం పక్కన పెట్టేడు.

మర్నాడు తెల్లవారేక మా ఊరి మగాళ్లంతా పలుగులూ కర్రలూ పట్టుకుని గట్టు మీద బయల్దేరేరు. నాయనమ్మ నూతినీళ్లతో బిందె నింపి చంకనెత్తుకుంది. గ్లాసు నా చేతికిచ్చి పదవే అంది. తగువుకి నీళ్లెందుకని అడిగితే, అరిస్తే దాహమెయ్యదా అంది.

అక్కడ వాళ్లూ కర్రలతోనే ఉన్నారు. మామయ్య అడ్డుకట్ట మీద నిలబడ్డాడు. ఎప్పుడెళ్లినా నాకు జామకాయలు కోసిపెట్టే చేతిలో గునపం ఉంది.

"తప్పుకోండి బావగారూ," అన్నాడు మా నాన్న.

"మా చేలూ ఎండుతున్నాయండి," అన్నాడు మామయ్య, కదలకుండా.

మా వైపు మర్యాద అలాంటిది. తల పగలగొట్టాలన్నా, కాస్త ఇటు తిప్పండి అనే అంటాం. అయితే ఆ పూట ఎవరికీ నవ్వు రాలేదు, నాక్కూడా. వెనకనుంచి ఎవరో మట్టిబెడ్డ విసిరేరు. అది నీళ్లలో పడ్డ చప్పుడికి అందరి చేతులూ కర్రల మీద బిగుసుకున్నాయి. నేను నాన్న పలుగు వంకే చూస్తున్నాను.

నాయనమ్మ మాత్రం పేరంటానికి వెళ్తున్నట్టు ఇద్దరి మధ్యకీ నడిచింది. నా చేతిలో గ్లాసు తీసుకుని, నింపి, మామయ్యకి అందించింది.

"ఎండలో ఉన్నావు, పుచ్చుకో బాబూ."

చెల్లెలి అత్తగారు ఇచ్చిన నీళ్లు కాదనడం ఎక్కడా లేదు. గునపం కింద పెట్టి ఓ గుక్క తాగేడు. ఆగిపోయేడు.

"ఉప్పేసేరా అత్తయ్యగారూ?"

"లేదు బాబూ. మీ చెల్లెలు రోజూ తాగేవే."

ఆయన నా వంక చూసేడు. ఏదో ఒకటి అనకపోతే ఉండలేని నోరు కదా నాది, "పప్పు కూడా ఉడకదు మామయ్యా," అన్నాను. ఆయన ఉమ్మెయ్యలేదు. గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ బిందెలో ముంచి పక్కాయనకి ఇచ్చేడు. అలా వాళ్లందరి చేతులూ తిరిగింది. తర్వాత మామయ్యే కాలవలోకి దిగి మొదటి దుంగ కదిలించేడు. మా నాన్న పలుగు గట్టున పారేసి రెండో కొస పట్టేడు.

కట్ట మొత్తం తీసేరనుకోకండి. సగమే తీసేరు. ఆ ఏడు రెండూళ్లూ అరకొరగానే పండేయి. కానీ మా అమ్మకి పుట్టిల్లు మిగిలింది.

ఇప్పుడు టీవీలో గోదారిని అటు మళ్లిస్తాం, ఇటు మళ్లిస్తాం అంటుంటారు. వద్దనను, అక్కడివాళ్లకీ దాహమేస్తుంది కదా. మా ఇంట్లో కుళాయి వచ్చినా ఆ నుయ్యి పూడ్చనివ్వలేదు, ఆ గ్లాసూ పారెయ్యలేదు. నీళ్ల సంగతి మాట్లాడ్డానికి మా ఊరికి ఏ పెద్దమనిషి వచ్చినా ముందు అదే నూతినీళ్లతో నింపి చేతికిస్తాను. కొందరు, సీసా తెచ్చుకున్నామండి అంటారు. ఆయ్, అయితే కూర్చోండి, దాహమేసేక మాట్లాడుకుందాం అంటాను.